రొట్టె పంచమికి వచ్చిన అన్న

మాంతేశుడు నేత్రావతిని ఎంతగా ప్రేమించాడంటే, ఆమె క్లాసులో ఏ బెంచీ మీద కూర్చోవాలో, ఏ రంగు చుడీదారు వేసుకోవాలో, ఎవరితో ఎంతసేపు నవ్వాలో అన్నీ తనే చూసుకునేవాడు. పాపం, తన పాఠాలు చూసుకోవడానికి మాత్రం తీరిక దొరికేది కాదు. అందుకే రెండో సంవత్సరం అతన్ని వదల్లేక మరో ఏడాది తన దగ్గరే ఉంచుకుంది.

కాలేజీలో అందరికీ ఆ జంట ముచ్చట. "ఎంత కేరింగే తల్లీ! తిన్నావా అని గంట గంటకీ అడుగుతాడు" అని ఆడపిల్లలు మెటికలు విరిచేవాళ్లు. అడిగే మాట నిజమే. తిన్నావా, ఎక్కడ తిన్నావ్, పక్కన ఎవరు కూర్చున్నారు, వాడి పేరేంది, వాడికి కూర్చోను వేరే చోటు దొరకలేదా. మెటికలు విరిచేవాళ్లకి మొదటి ప్రశ్న వరకే వినిపించేది. మిగతావి నేత్రకు, ఆమె మంచం పక్కన పడుకునే నాకు.

నేను, సహన, నేత్ర ధారవాడలో ఒక ఆయి ఇంట్లో ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్లం. ఆయి అంటే అవ్వ. ఆ ముసలామెను పేరు పెట్టి పిలవదగ్గ వయసు వాళ్లెవరూ భూమ్మీద మిగలకపోవడంతో వీధి మొత్తానికీ ఆయే. ఆమె ఇంటికి ఒకటే చట్టం: మగపిల్లల బండ్లు వీధి మొగదల ఉన్న కిరాణా కొట్టు దాటి రాకూడదు. కాబట్టి మా వీధికి మాంతేశుడు ఒక హెల్మెట్టుగా, ఒక వానకోటుగా మాత్రమే పరిచయం. లోపల మొహం ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు లేరు. లోపల ఇంకేముందో చూసింది నేత్ర ఒక్కతే.

అతను కొట్టిన మర్నాడు పేడా మిఠాయి వచ్చేది. ధారవాడలో ఏ శుభానికైనా పేడానే కదా. చిన్న దెబ్బకి పావుకిలో, పెద్ద దెబ్బకి అరకిలో. పెట్టె మీద ఎర్ర రిబ్బను, లోపల "సారీ బంగారం" అని చీటీ. నేత్రకు తీపి అంత ఇష్టం లేదు. పుట్టింది మిరపతోటల్లో, బ్యాడగి పక్కన. అయినా అతను ఫోనులో చూస్తుండగా ఒక పేడా నోట్లో పెట్టుకుని నవ్వాలి. నవ్వకపోతే క్షమించలేదని లెక్క. క్షమించకపోతే మళ్లీ కోపం వస్తుంది. కోపం వస్తే మళ్లీ పేడా. చూశారా, ఎంత తీయని ప్రేమో.

చెంప కమిలితే "బచ్చలింట్లో రాయి మీద జారినా ఆయీ" అనేది. ఆయి స్నానాల గదిలోని ఆ రాయిని ఇటుక పొడితో తోమించింది. నేత్ర మళ్లీ జారింది. ఆయి గోనెపట్టా పరిపించింది. గోనెపట్టా మీద కూడా జారింది. అదే రాయి మీద నేను, సహన ఒక్కసారైనా జారకపోవడం ఆ రాయి గొప్పతనం.

ఇక స్నేహాలు. సహన జుట్టు కత్తిరించుకుంది కాబట్టి చెడిపోయిన పిల్ల, దానితో మాట్లాడొద్దన్నాడు. నాది నవలగుంద వైపు పల్లె నోరు కాబట్టి, "ఆ చెన్నవ్వతో తిరిగితే నీ నోరూ అట్లే అయితాది" అన్నాడు. నేత్ర ఒప్పుకుంది. అప్పట్నుంచి ఒకే గదిలో ముగ్గురం, దండెం మీద ఒకరి బట్టల పక్కన ఒకరి బట్టలు ఆరేసుకుంటూ, పరాయివాళ్లలా బతికాం. ఆమె ఫోనులో ఆమె ఎక్కడుందో అతనికి ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పడుకున్నప్పుడు కూడా ఫోను దిండు మీదే, కాల్ తెరిచే ఉండాలి. ఆమె గురక అతను వింటాడట. మా ఊళ్లో గేదె ఈనేటప్పుడు కూడా ఎవరూ ఇంత కాపలా కాయరు.

శ్రావణం వచ్చింది. ధారవాడ జల్లు మొదలైంది. ఇక్కడ నాగపంచమి అంటే ఆడపిల్లల పండగ. అన్నో తమ్ముడో వచ్చి పుట్టింటికి పిలుచుకుపోవాలి, ఉయ్యాల ఊగాలి, ఉండలు తినాలి. మా అన్న ట్రాక్టరు పని ముగించుకుని వస్తానన్నాడు. సహన తమ్ముడు రానే వచ్చి, ఎల్లుండి అక్కను తీసుకుపోను చుట్టాలింట్లో దిగి, బస్టాండులో సినిమా పోస్టర్లు చూస్తున్నాడు. నేత్ర మాత్రం సంచీ సర్దుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమే, మీ అప్ప ఎప్పుడొస్తాడు?" అన్నాను. నేత్రకు అన్నదమ్ములు లేరు, వచ్చేది వాళ్ల నాన్నే.

"నేను ఊరికి పోవట్లేదు."

"పంచమికి ఊరికి పోకుండా యాడుంటావ్? ఆయి ఇంటి ఎలకలతో ఉయ్యాల ఊగుతావా?"

నేత్ర లేచి ఫోనును దిండు కింద పెట్టింది. దిండు మీద దుప్పటి వేసింది. దుప్పటి మీద నా సంచీ పెట్టింది. అప్పుడు నా చెవి దగ్గరకు వచ్చి చెప్పింది.

హుబ్బళ్లిలో మాంతేశుడి పిన్నమ్మ ఇల్లు ఖాళీగా ఉందట. పండక్కి వాళ్లంతా ఊరెళ్లారట. రేపు రొట్టె పంచమి నాడు మధ్యాహ్నం బండి తెస్తాడట, ఆమె ఎక్కాలట. ఎక్కకపోతే కెలగేరి చెరువు గట్టు మీద ఇద్దరూ కలిసి తీసుకున్న ఫొటోలు వాళ్ల అప్పకి పంపుతాడట. ఆ పైన పురుగుల మందు తాగుతాడట.

"మందు ముందా, ఫొటోలు ముందా?" అన్నాను.

"నవ్వకే చెన్నీ. నాకు పోను ఇష్టం లేదు. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇష్టం లేదంటే, 'నీకెవరున్నారే, అన్నా తమ్ముడా? పంచమికి పిలిచే దిక్కు కూడా లేదు, నేనే కదా నీకు అన్నీ' అంటాడు."

కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటున్న సహన ఇటు తిరిగింది. నేత్ర దానితో మాట్లాడి ఏడాదైంది. అయినా సహన నేరుగా పాయింటుకే వచ్చింది.

"ఫొటోలు చూపిస్తాడని కదా భయం? వాడు చూపించేలోపల నువ్వే మీ అప్పకి చెప్పేయ్."

"ఏ ఫోనులో చెప్పాల? ఎవరితో మాట్లాడినా వాడికి తెలుస్తాది."

"ఆయి ఫోను లేదా?"

"నేను మాట్లాడేటప్పుడు వాడు నాకు చేస్తే? ఫోను మ్యాపులో నా గుర్తు ఒకే చోట కదలకుండా ఉంటే, ఫోను ఎత్తకపోతే, వెంటనే వచ్చేస్తాడు."

"నీ గుర్తు కదలాల, అంతే కదా" అన్నాను. "రేపు రొట్టె పంచమి. రొట్టెలు ఎట్లాగూ ఇల్లిల్లూ తిరుగుతాయ్. వాటితో పాటు నీ ఫోను కూడా తిరుగుతాది."

నేత్ర నవ్వలేదు. భయపడింది. ఆ రాత్రి ఆమె వద్దంటుందనే అనుకున్నాను. పొద్దున లేచి చూస్తే నేత్ర ఆయి పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తడుతోంది, రొట్టె గుండ్రంగా వస్తోంది.

అసలు పంచమికి ముందురోజు రొట్టె పంచమి; ఆ నాడు ప్రతి ఇంటి నుంచీ ప్రతి ఇంటికీ రొట్టెలు పోవాలి. కరకరలాడే జొన్న రొట్టె, సజ్జ రొట్టె, మీద గుత్తి వంకాయ, మొలకల కూర, అవిసె గింజల పొడి, వలిసెల పొడి. ఏడాదంతా నీళ్ల కొళాయి దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా ఆ రోజు రొట్టె పట్టుకుని గడప ఎక్కాల్సిందే, వచ్చినవాళ్లకి పెట్టాల్సిందే. తినకుండా గడప దిగనివ్వరు, ఖాళీ గిన్నె తిప్పి పంపరు.

మధ్యాహ్నం హెల్మెట్టు కిరాణా కొట్టు దగ్గరకు వచ్చి నిలబడింది. నేత్ర ఫోనులో "ఆయి రొట్టెలు పంచి రమ్మంది, చేతులు ఖాళీ లేవు, వస్తా" అని మెసేజి కొట్టి, ఫోనును రొట్టెల మధ్య గుడ్డలో చుట్టి నాకిచ్చింది. తను ఆయి ఫోను పట్టుకుని వంటింట్లోకి పోయింది. సహన వంటింటి తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. నేను బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరాను.

మా వీధిలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెరళ్ల మధ్య నడుమెత్తు గోడలే. ముందు గుమ్మంలో పోయి, రొట్టె ఇచ్చి, రొట్టె పుచ్చుకుని, పెరటి గోడ దాటి పక్కింట్లోకి పోతున్నాను. బుట్టలో ఫోను మోగుతోంది. పక్కింటి సరోజక్క ఇంట్లో మోగింది, "రొట్టెలు పాడుతాండాయేమే" అంది. ఆగింది. మళ్లీ మోగింది.

ప్రేమ ఎక్కడన్నా ఆగుతుందా? నేను సరోజక్క పెరటి గోడ ఎక్కి ఇంకా దిగలేదు, ముందు గుమ్మంలో గొంతు వినిపించింది.

"నేత్ర ఉందా ఇక్కడ?"

హెల్మెట్టు తీసేసినట్టున్నాడు. గొంతు గట్టిగానే ఉంది. కానీ అతనికి తెలియంది ఏమిటంటే, సరోజక్క మొగుడు బసణ్ణ పొద్దునపూట తాలీములో కుర్రాళ్లకు కుస్తీ నేర్పుతాడు, మధ్యాహ్నం పూట తొమ్మిదో రొట్టె తింటాడు. అప్పుడు తింటున్నాడు.

"ఎవర్రా అది, ఆడపిల్లను పేరు పెట్టి అరుస్తాండాడు?" అని లేచాడు. మనిషి లేవడం పూర్తి కావడానికి కాసేపు పట్టింది, అంత ఉన్నాడు. "నువ్వెవరు? ఆ పిల్లకేమవుతావ్?"

మాంతేశుడు నోరు తెరవడం పెరటి తలుపులోంచి కనిపించింది. కాలేజీలో 'ఆమె నాది' అని కాంటీను బల్ల మీద గుద్ది చెప్పినవాడు. ఇక్కడా ఆ మాటే చెప్పొచ్చు, ఎవరాపారు? బసణ్ణ చేతి వైపు ఒకసారి చూశాడు. ఆ చేతిలో రొట్టె అప్పడంలా ఉంది.

సరోజక్కే పాపం ఆదుకుంది. "అయ్యో, మీ బుద్ధి! పంచమికి మొగపిల్లోడు ఆడపిల్లను వెతుక్కుంటూ వచ్చినాడంటే ఇంకెవరు? అన్న! చెల్లెల్ని పిల్చుకపోను వచ్చినాడు. కాదా తమ్ముడూ?"

"ఆ... అవునక్కా. అన్ననే."

గోడ మీద ఉన్నదాన్ని పెరట్లోకి పడిపోయాను. కాలు బెణికింది. నవ్వు ఆపుకోవడానికి అది కూడా పనికొచ్చింది.

"రా, కూర్చో. తినిపో."

"వద్దక్కా, అర్జెంటు..."

"పండగనాడు గడప ఎక్కి రొట్టె వద్దంటావా? ఏం, మా రొట్టెలో విషముందా?" అన్నాడు బసణ్ణ.

మందు తాగుతానని నేత్రను ఏడాదిపాటు భయపెట్టిన మనిషి, ఆ మాట వినగానే చటుక్కున కూర్చున్నాడు.

తర్వాత అంతా మా వీధి చూసుకుంది. నేను కుంటుకుంటూ ముందు పోతున్నాను, ఫోనులో నేత్ర గుర్తు చూసుకుంటూ అతను వెనక వస్తున్నాడు, మా ఇద్దరికంటే ముందు కబురు పరిగెడుతోంది. "నేత్ర అన్న వచ్చినాడంట!" "ఆ పిల్లకు అన్న లేడన్నారే?" "పెదనాయన కొడుకేమో లే!" ప్రతి గుమ్మంలోనూ "రాప్పా, అన్నా, రా" అని చెయ్యి పట్టి లాగడమే. ఒకచోట వంకాయ, ఒకచోట గోంగూర, ఒకచోట మొలకలు. శాంతమ్మ ఇంట్లో వద్దన్నాడని ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే రెండు రొట్టెలు తిన్నాడు. మాస్టరు గారింట్లో పెరుగు పోసి మరీ కలిపారు. ఒక ముసలాయన "చెల్లెల్ని బాగా చూసుకుంటావా?" అని అడిగితే, వలిసెల పొడి గొంతుకు అడ్డం పడి తలూపాడు.

నేను ఇంటికి తిరిగొచ్చేసరికి నేత్ర వంటింట్లో ఇంకా ఫోను చెవికి పెట్టుకునే ఉంది. కళ్ల నీళ్లు కారుతున్నాయి గానీ మాట స్పష్టంగానే ఉంది. వాళ్లప్ప మొదట తిట్టాడట. చదువుకోమంటే ఇదా, పొలం కుదువబెట్టింది ఇందుకా అని, నోటికొచ్చినట్టు. ఆమె అన్నీ విని, "అప్పా, నన్ను కొడతాండాడు" అందట. తిట్లు ఆగిపోయాయట.  తర్వాత అన్నాడట: "ఫొటోలు పంపనీలే. నా కూతురు మొహం నాకు కొత్తా? పొద్దున మొదటి బస్సుకు నేనే వస్తాండా. నువ్వు ఆయి గడప దాటొద్దు."

ఏడాది పాటు ఆమెను కట్టేసిన తాడు, ఇవతలి కొస విప్పితే ఊడిపోయే ముడి. ఇంతేనా అని మీకు అనిపించొచ్చు. ఇంతేనని ముడి వేసినవాడికి ముందునుంచీ తెలుసు, అందుకే ఆమె చేతులు అటు పోకుండా చూసుకున్నాడు.

అప్పుడే వీధి ఆడవాళ్లంతా కలిసి మాంతేశుణ్ణి ఆయి గుమ్మం ముందుకు పెళ్లికొడుకులా తోలుకొచ్చారు. పొట్ట ముందుకొచ్చి, నడక వెనక్కిపోయి ఉంది.

"ఆయీ! నేత్రకు అన్న వచ్చినాడు!" అని సరోజక్క.

ఆయి కళ్లజోడు సర్దుకుని అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. తన ఇంట్లో ఉండే పిల్లల ఇంటి సంగతులన్నీ ఆమెకు కంఠతా. నేత్ర తల్లికి ఒకటే కాన్పు అని ఆమెకు తెలియదా? వానకోటు చూసింది. చేతిలో హెల్మెట్టు చూసింది. ఒకసారి బచ్చలింటి వైపు కూడా చూసింది.

"వచ్చినావా నాయనా?" అంది తీరిగ్గా. "ఇన్నాళ్లూ లేని అన్నవు, పంచమికి పుట్టినావా? మంచిది. అన్న వచ్చినాక వీపున పాలు పోయకుండా పంపితే చెల్లెలికి దోషం. రేపు నువ్వు ఉంటావో ఉండవో. ఇయ్యాళే కానిద్దాం. ఏమే సహనా, గిన్నెలో పాలు తే."

అన్న వీపు చల్లగా ఉండాలని చెల్లెలు పాలు పోసి, గరిక అద్ది, దండం పెట్టడం ఇక్కడి రివాజు. అది అయిందంటే తోడబుట్టినట్టే. మాంతేశుడు ఒకడుగు వెనక్కి వేశాడు.

"అదేం వద్దు ఆయీ, నేను... అసలు నేను..."

"అసలు నువ్వు?" అన్నాడు బసణ్ణ వెనకనుంచి.

"...ఏం లేదన్నా."

పాలగిన్నె తెచ్చింది సహన కాదు. నేత్ర. వంటింటి తలుపు దాటి, ముందు వసారా దాటి వచ్చింది.  ఆమె లోపలే ఉండిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. గిన్నెను రెండు చేతులా పట్టుకుని అతని ముందు నిలబడింది.

అతను ఆమెకు మాత్రమే వినపడేలా, పళ్ల మధ్యనుంచి అన్నాడు: "నేత్రా, మర్యాదగా బండెక్కు. తర్వాత చెప్తా నీ పని."

"ఏందన్నా?" అంది నేత్ర, వీధి మొగదల కిరాణా కొట్టు దాకా వినపడేలా. "గట్టిగా చెప్పు. ఆయికి చెవుడు."

అతను చుట్టూ ఉన్న ఆడవాళ్లను, వెనక ఉన్న బసణ్ణను చూశాడు. 

"చొక్కా పైకెత్తన్నా" అంది.

ఎత్తాడు. ఎత్తక ఏం చేస్తాడు? ఆమె చెంప మీద పడ్డ చేతులే ఇప్పుడు బుద్ధిగా చొక్కా అంచులు పట్టుకున్నాయి. నేత్ర పాలు పోసింది. గరిక అద్దింది. చేతులు జోడించి, కళ్లు మాత్రం మూసుకోకుండా, "నీ వీపు చల్లగుండాల. మళ్లా నా గడప ఎక్కొద్దు" అంది. రెండో మాట ఆచారంలో లేదు. సరోజక్క మాత్రం అదీ మంత్రమే అనుకుని "అట్లే కావాల" అని అక్షింతలు వేసేసింది.

బసణ్ణకు అప్పుడు ఏదో తట్టినట్టుంది. మెల్లగా అతని భుజం మీద చెయ్యి వేసి, "పద తమ్ముడూ, బండి దాకా వస్తా" అన్నాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. బండి మాత్రం మొదటి కిక్కుకే స్టార్టయింది.

ఇంతటితో అంతా చల్లబడిందంటే అబద్ధం. పాలు పోసింది వీపు మీద, బుద్ధి మీద కాదు. ఆ సాయంత్రమే మెసేజి వచ్చింది: మందు సీసా ఫొటో, కింద "నీ వల్లే". అంతకుముందైతే నేత్ర చెప్పుల్లేకుండా పరిగెత్తేది. ఈసారి కూడా లేచి నిలబడింది. సహన చెయ్యి పట్టుకుంది. నేత్ర కాసేపు ఆ ఫొటో చూసి, దాన్ని హుబ్బళ్లిలో ఉన్న అతని తల్లికి పంపి, ఫోను చేసింది. నిజంగానే తాగి ఉంటే? ఆ భయం మా ముగ్గురికీ ఉంది.

ఆ తల్లి కొడుకు గదిలోకి పరిగెత్తుకుపోయి చూసి వచ్చి, ఆయాసపడుతూ చెప్పింది: "సీసా మూత కూడా తియ్యలేదమ్మా. మంచం మీద పొర్లుతాండాడు. పొట్ట ఉబ్బిందంట, వాము నీళ్లడుగుతాండాడు. ఎవరో పాపిష్టోళ్లు రొట్టెలు కుక్కి పెట్టినారంట. ఇంతకూ నువ్వెవరమ్మా?"

"చెల్లెల్నమ్మా" అంది నేత్ర. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఎందుకే అంటే తెలీదంది. కరిచిన కుక్కయినా, రోజూ అన్నం పెట్టింది మన చేత్తోనే కదా.

పొద్దున్నే వాళ్లప్ప వచ్చాడు. పంచెకు మిరపపొడి ఘాటు, చేతిలో గొడుగు. అన్న రావాల్సిన చోటికి అప్ప వచ్చాడని ఎవరూ ఏమీ అనలేదు. ఆయి ఆయనకీ రొట్టె పెట్టింది. పండగ అయ్యాక ఆయనే కూతుర్ని వెంటబెట్టుకుని కాలేజీ కమిటీ ముందుకు వెళ్లాడు. కమిటీ వాళ్లు "ఇద్దరూ ఇష్టపడే తిరిగారు కదా?" అని మర్యాదగా అడిగారు. "ఇష్టపడి తిరిగితే కొట్టొచ్చని ఏ పుస్తకంలో ఉందో చూపించండి సార్, నేను పెద్దగా చదువుకోలేదు" అన్నాడాయన. ఆ పుస్తకం వాళ్లకి దొరకలేదు. దొరికింది, ఇకపై ఆమె జోలికి పోనని మాంతేశుణ్ణి పిలిచి సంతకం పెట్టించుకునే కాగితం. ఆ మాత్రానికే కాలేజీలో కొందరు నేత్ర వైపు వింతగా చూశారు. అంత కేరింగ్ కుర్రాణ్ణి పోగొట్టుకుందని జాలి.

అతని స్నేహితులు మాత్రం అతన్ని కాంటీనులో చూసినప్పుడల్లా "ఏం అన్నా, చెల్లెలు బాగుందా?" అని అడిగేవాళ్లు. మా వీధి కబురు ధారవాడ అంతా చేరడానికి ఒక కొళాయి చాలు.

దసరా ముందు మళ్లీ ఒక పెట్టె వచ్చింది. కిలో పేడా, ఎర్ర రిబ్బను. అతని స్నేహితుడొకడు కిరాణా కొట్టు దగ్గర ఇచ్చి, జవాబు కోసం నిలబడ్డాడు. కిలో అంటే ఎంత పెద్ద దెబ్బ తగిలిందో మాకు అర్థమైంది. ఈసారి తగిలింది అతనికి.

నేత్ర ఆ పెట్టె వసారాలో పెట్టి విప్పింది. చీటీ చదవకుండా పొయ్యిలో వేసింది. పేడాలన్నీ వీధి పిల్లలకు పంచింది. ఆ తర్వాత ఖాళీ పెట్టెను చున్నీతో తుడిచింది.

"పారెయ్యవే" అన్నాను.

"ఖాళీది తిప్పి పంపకూడదు కదే" అంది.

డబ్బాలోంచి, వాళ్లమ్మ పంపిన నువ్వుండలు, పేలాల ఉండలు తీసి పెట్టె నింపింది. ఎర్ర రిబ్బను మళ్లీ గట్టిగా ముడేసింది. కొట్టు దాకా తనే నడిచి వెళ్లి ఆ స్నేహితుడి చేతిలో పెట్టింది.

"అన్నకిచ్చెయ్" అంది. "చెల్లెలి పంచమి ఉండలు. లేటయిందని చెప్పు."